జెనోగ్రామ్ గీసినా ప్యాటర్న్ దొరకకపోతే

అత్తాకోడళ్లు గొడవపడే ఒక కుటుంబానికి కౌన్సెలింగ్ చేస్తూ జెనోగ్రామ్ (తరాల మధ్య బంధాలను గీతలతో చూపే కుటుంబ పటం) గీశానని, గొడవ ప్యాటర్న్ మాత్రం దొరకలేదని రాశారు. ఆ ఇంటివాళ్లను మీరు అడిగినవన్నీ మనుషుల గురించి, వాళ్ల మధ్య జరిగేదాని గురించి కాదు. "మీ అత్తగారు ఎలాంటివారు?" అంటే ఫిర్యాదులే వస్తాయి. అందుకే మూడు తరాల జెనోగ్రామ్ గీసినా పేర్లు, వయసులే మిగిలాయి. ఆ అత్తాకోడళ్ల గొడవ ఎలా సాగుతోందో అందులో లేదు.

1. ఈమధ్య జరిగిన ఒక్క గొడవ తీసుకోండి. ఎవరు ఏమన్నారు, తర్వాత ఎవరేం చేశారు, వరసగా రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: గొడవ పడని మనిషిని అడగడం. ఆడపడుచును, "వాళ్లిద్దరూ మాటలు మానేస్తే మీ అన్నయ్య ఏం చేస్తాడు? అమ్మ ముందు ఎవరికి ఫోన్ చేస్తుంది?" అని అడగండి. మిగతావాళ్లు వింటుండగానే. ఇటలీకి చెందిన కుటుంబ చికిత్సకులు, మిలాన్ బృందం, 1980లో వివరించిన వలయ ప్రశ్నల పద్ధతి ఇది. కొడుకు ఫోన్ పట్టుకుని మేడెక్కేస్తాడని తేలిందా (నా దగ్గర సగం కేసులు ఇంతే), కుటుంబ చికిత్సలో పేరున్న మనోవైద్యుడు బోవెన్ చెప్పిన త్రికోణం (ఇద్దరి మధ్య ఉద్రిక్తతలో మూడో మనిషి కూడా భాగం కావడం) దొరికినట్టే.

3. ఇప్పుడు గీతలు గీయండి. దగ్గరితనానికి జంట గీత, గొడవకు వంకర గీత. పై తరంలోనూ అదే త్రికోణం ఉందేమో చూడండి.

ఇంట్లో కొట్టడం ఉందని అనుమానం వస్తే మాత్రం అందరి ముందు అడగొద్దు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి.