ఓవెన్‌కు ఏ మట్టి?

ప్రశ్న: చేత్తో చేసిన బేకింగ్ గిన్నెలు ఓవెన్‌లో చీలుతున్నాయి. స్టోన్‌వేర్ మట్టి, అంటే ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడేది, వాడితే చీలకుండా ఆగుతాయా?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: స్టోన్‌వేర్ గిన్నె తడితే ఖణేల్‌మని మోగినంత మాత్రాన ఓవెన్‌కు పనికొస్తుందనుకోవద్దు. స్టోన్‌వేర్ అతిగా కాలితే అందులో క్రిస్టోబలైట్ అనే సిలికా స్ఫటికం పుడుతుంది. అది దాదాపు 220 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. మీ ఓవెన్ వేడీ అంతే, అందుకే ఆ గిన్నె కూడా చీలవచ్చు! కాల్చి దంచిన మట్టిపొడి, అంటే గ్రాగ్, 15–20 శాతం కలిపిన ఎర్రమట్టి తీసుకుని 1000 డిగ్రీల దగ్గర కాల్చండి. అందులోని సన్నటి రంధ్రాలు పగులును పాకనివ్వవు. బీచ్ ఇసుక మాత్రం అస్సలు కలపకండి. గవ్వల ముక్కలు కాలి సున్నమవుతాయి, తర్వాత తేమ పీల్చి ఉబ్బి, గిన్నె పెచ్చులూడుతుంది. మందం అంతటా 6–7 మి.మీ., అడుగు అంచు గుండ్రంగా ఉండాలి. గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేస్తే సీసం లేనిదే. కడిగిన గిన్నె పూర్తిగా ఆరాక, చల్లటి ఓవెన్‌లో పెట్టి అప్పుడు స్విచ్ వేయండి.