ముందు తూటా, ఆ తరువాతే రైఫిల్

ప్రశ్న: రెండేళ్లుగా .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో కాగితపు గురిపలకల మీద కాలుస్తున్నాను. ఇప్పుడు ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ కొనాలనుకుంటున్నాను. గురి సాధనకూ, వేట కాలంలో జింకల వేటకూ ఒకటే సరిపోతుందా? ఏ తూటా ఎంచుకోవాలి? స్కోప్ బిగించుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: సరిపోతుంది. అయితే జింకను ఎంత దూరం నుంచి కాల్చగలరో మీకు మీరే దాచుకోకుండా ముందు తేల్చుకోవాలి. చాలామంది నున్నని వాల్‌నట్ కర్రనూ మెరిసే ఇత్తడి రిసీవరునూ (బోల్ట్, ట్రిగ్గర్ ఇమిడి ఉండే నడిమి భాగం) చూసి రైఫిల్‌ను ఖాయం చేసుకుంటారు; అది ఏ తూటాను కాలుస్తుందన్నది ఆ తరువాత ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగేయమనే నా సలహా. దూరం తూటాను నిర్ణయిస్తుంది, తూటా రైఫిల్‌ను నిర్ణయిస్తుంది.

లీవర్ యాక్షన్ రైఫిళ్లలో, అంటే ట్రిగ్గర్ దగ్గరి పిడిని తోసి వెనక్కి తెచ్చి కొత్త తూటా ఎక్కించే రకంలో, తూటా ఎంపికకు ఒక ప్రత్యేకమైన కట్టుబాటు ఉంది. వీటిలో ఎక్కువ వాటికి, 1860 నాటి హెన్రీ రైఫిల్ మొదలుకొని, బ్యారెల్ కిందనే గొట్టంలాంటి మ్యాగజైన్ ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటిగా, వెనుక తూటా ముక్కు ముందు తూటా అడుగుకు ఆనుకునేలా పడుకుంటాయి. జింకల వేటకు వాడే తూటాలన్నిటికీ ఆ అడుగున సరిగ్గా నడుమ ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే లోపలి మందును అంటించే చిన్న బిళ్ల, ఉంటుంది. తుపాకీ పేలి వెనక్కి తన్నినప్పుడు వెనుక తూటా ముక్కున ఉండే గట్టి సూదిమొన గుండు ముందున్న ప్రైమర్‌ను పొడిస్తే మ్యాగజైన్‌లోనే తూటా పేలే ప్రమాదముంది. అందుకే గొట్టపు మ్యాగజైన్‌లో బల్లపరుపు ముక్కు గల గుండ్లు, లేదా దాని కోసమే హోర్నడీ సంస్థ చేసే మెత్తని మొన గుండ్లు మాత్రమే వాడాలి. పెట్టె మీద ఏం రాసి ఉందో చదవకుండా తూటాలు కొనకండి. సూదిమొన గుండ్లే కావాలనుకుంటే, కింద పెట్టె మ్యాగజైన్ ఉండే బ్రౌనింగ్ బీఎల్ఆర్ వంటి రైఫిల్ తీసుకోవాలి, అది .308 వంటి తూటాలను (ఈ అంకెలు తూటా రకాల పేర్లు) కాల్చగలదు కాబట్టి దూరపు వేటకు కూడా పనికొస్తుంది.

ఇక దూరం సంగతి. అడవిలో, పొదల మధ్య 150 గజాల లోపు కాల్చేవారికి .30-30 కన్నా నిలకడగా పనిచేసిన తూటాను నేను చూడలేదు. 1895లో విన్‌చెస్టర్ 94 రైఫిల్ కోసం వచ్చిన ఈ తూటా ఇప్పటికీ జింకల వేటలో నిలిచి ఉంది. 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) గుండు సెకనుకు సుమారు 2,390 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. మీరు 100 గజాల దగ్గర గురి కుదుర్చుకుంటే 200 గజాల దగ్గరకు వెళ్లేసరికి అది ఇంచుమించు 8 అంగుళాలు కిందికి దిగిపోతుంది. ఎనిమిది అంగుళాలంటే జింక గుండె ప్రాంతం తప్పిపోయి, గాయపడిన జంతువు పొదల్లోకి పారిపోయేంత తేడా. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే ఎక్కడ ట్రిగ్గర్ నొక్కకూడదో తెలుస్తుంది. అది తెలియనివారు వేటకు వెళ్లకపోవడమే మంచిది.

గురి సాధనే మీకు ప్రధానమై, వేట 100 గజాల లోపే ముగుస్తుందనుకుంటే .357 మ్యాగ్నమ్ గట్టిగా ఆలోచించదగ్గది. రివాల్వర్‌లో కన్నా రైఫిల్ పొడవాటి బ్యారెల్‌లో దానికి వేగం బాగా పెరుగుతుంది, పైగా అదే రైఫిల్‌లో .38 స్పెషల్ తూటాలు కాల్చవచ్చు. అవి భుజాన్ని అంతగా తన్నవు, ఖర్చూ తక్కువే. కొన్ని రైఫిళ్లు పొట్టి .38 తూటాలను సాఫీగా లోపలికి తీసుకోవు, కాబట్టి కొనేముందు కాల్చి చూడాలి. అంతకన్నా బలం కావాలంటే .44 మ్యాగ్నమ్ ఉంది. .45-70 మాత్రం ఇప్పుడే వద్దు. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన ఆ బరువైన తూటా పెద్ద జంతువుల మీద అద్భుతంగా పనిచేస్తుంది, కాని సాధన సమయంలో ఇరవై కాల్చేసరికి భుజం నొప్పితో ట్రిగ్గర్‌ను ముందుగానే లాగేయడం అలవాటవుతుంది. ఒకసారి పట్టుకున్న ఆ జంకు వదలడానికి నెలలు పడుతుంది.

పోటీల వైపు మీ మనసు ఉంటే లోహపు బొమ్మల పోటీలు ఈ రైఫిళ్లకు ప్రత్యేకంగా ఉన్నాయి. కౌబాయ్ లీవర్ యాక్షన్ విభాగంలో కోడి బొమ్మలు 50 మీటర్ల దగ్గర, పందులు 100, టర్కీలు 150, పొట్టేళ్లు 200 మీటర్ల దగ్గర నిలబడి ఉంటాయి. నిలువుగా నిలబడే కాల్చాలి. చిన్న .22 లీవర్ రైఫిల్‌తో సాధన మొదలుపెట్టినా లీవర్ నడక చేతికి అలవాటవుతుంది.

ఆ నడక గురించి ఒక మాట చెప్పాలి. నేను మొదట్లో లీవర్‌ను సున్నితంగా, సగం దాకా మాత్రమే తోసి వెనక్కి తెచ్చేవాణ్ణి. బయటికి పడవలసిన, కాల్చిన తూటా ఖాళీ తొడుగు రిసీవరు నోట్లోనే అడ్డంగా ఇరుక్కుపోయి, వెనుక నుంచి వస్తున్న కొత్త తూటా ముక్కు దానికి గుద్దుకుని ఆగిపోయేది. లీవర్‌ను ముందుకు చివరిదాకా తోసి, అదే విసురుతో పూర్తిగా వెనక్కి తేవాలి. తోసేటప్పుడు చూపుడు వేలు ట్రిగ్గర్ దగ్గరికి రాకూడదు.

స్కోప్ విషయానికి వస్తే, మార్లిన్ 336 వంటివి ఖాళీ తొడుగును పక్కకు విసురుతాయి. పైభాగం మూసి ఉంటుంది కాబట్టి స్కోప్ తేలికగా కుదురుతుంది. పాత విన్‌చెస్టర్ 94 పైకి విసురుతుంది, దానిపై నడుమ స్కోప్ పెట్టలేము. తొడుగును ఏటవాలుగా పక్కకు విసిరేలా 1980ల తొలినాళ్లలో వచ్చిన మార్పుతోనే ఆ సమస్య తీరింది. 150 గజాల లోపు వేటకు మంచి పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి చూసి గురి పెట్టే సాధనం) చాలునని నా అభిప్రాయం, పొదల్లో అది చూపుకు తొందరగా అందుతుంది కూడా.

ప్రశ్న: తెలిసినవారి దగ్గర పాత విన్‌చెస్టర్ 94 అమ్మకానికి ఉంది. కొనేముందు ఏమేమి చూడాలి? – మరొక పాఠకుడు

జవాబు: ముందు అది ఖాళీగా ఉందని మీరే చూసుకోండి. ఈ రకం గొట్టపు మ్యాగజైన్‌ను ఖాళీ చేయాలంటే ఒక్కో తూటానూ లీవర్‌తో ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనుక కొనలో తూటా పేలే చోటు) తెచ్చి బయటికి తీయాలి, కాబట్టి ఆ పని చేసేటప్పుడు బ్యారెల్ కొన సురక్షితమైన వైపుకే ఉండాలి.

తరువాత బ్యారెల్ నోటిని జాగ్రత్తగా పరిశీలించండి. మార్లిన్ రైఫిల్‌లో లీవర్ స్క్రూ ఒకటి విప్పితే బోల్ట్ బయటికి వస్తుంది, వెనుక నుంచి శుభ్రం చేయవచ్చు. 94కు ఆ వీలు లేదు, కడ్డీని ముందు నుంచే తోయాలి. కొన్ని దశాబ్దాల పాటు జాగ్రత్త లేకుండా అలా తోస్తే నోటి అంచు అరిగి గురి చెదురుతుంది. బ్యారెల్ లోపలి గాడులు పదునుగా కనిపించకపోయినా, తుప్పు గుంటలున్నా వదిలేయండి. సుత్తిని సగం వెనక్కి పెట్టి ట్రిగ్గర్ లాగితే అది పడిపోకూడదు. లీవర్‌ను కర్రకు గట్టిగా అదిమి పట్టనంత వరకూ ట్రిగ్గర్ కదలకూడదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా తుపాకీ బాగుచేసేవారికి చూపించకుండా కాల్చవద్దు. 1964లో తయారీ పద్ధతి మార్చి ఖర్చు తగ్గించారు కాబట్టి అంతకు ముందువాటికి సేకరించేవారు ఎక్కువ ధర ఇస్తారు. కాల్చడానికే అయితే తయారైన ఏడాది కన్నా బ్యారెల్ ఎలా ఉందన్నదానికే ధర కట్టండి. లైసెన్సు, యాజమాన్య బదిలీ, వేటకు అనుమతించిన తూటాల నియమాలు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటాయి. డబ్బు చేతులు మారకముందే వాటిని కనుక్కోండి.