మెమరీ మింగేస్తున్న ప్లగిన్

ప్రశ్న: జీస్ట్రీమర్‌కు (ఆడియో, వీడియో నడిపే మీడియా ఫ్రేమ్‌వర్క్) సొంత చైన్ ఫంక్షన్‌తో (వచ్చే ప్రతి డేటా ముక్కను అందుకునే ఫంక్షన్) రాసిన వీడియో ప్లగిన్ నడిచేకొద్దీ మెమరీ పెరుగుతోంది. లీక్‌ను ఎలా పట్టాలి?

జవాబు: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అయిన జీఎస్‌టీ_ట్రేసర్స్‌కు లీక్స్ అని, జీఎస్‌టీ_డీబగ్‌కు జీఎస్‌టీ_ట్రేసర్:7 అని విలువలిచ్చి (GST_TRACERS=leaks GST_DEBUG=GST_TRACER:7) ప్రోగ్రామ్‌ను నడపండి. విడుదల కాని బఫర్లు (డేటా ముక్కలు), క్యాప్స్ (డేటా ఫార్మాట్ వివరాలు), ప్యాడ్ల (ప్లగిన్‌లోకి, బయటికి డేటా వెళ్లే ద్వారాలు) జాబితా చివర్లో వస్తుంది. సొంత అప్లికేషన్ అయితే చివర్లో జీఎస్‌టీ_డీఇనిట్ (gst_deinit) ఫంక్షన్‌ను పిలవాలి, లేకుంటే ఆ జాబితా రాదు.

బఫర్లు మిగిలాయా? చైన్ ఫంక్షన్‌కు వచ్చిన బఫర్ బాధ్యత మీదే. లోపం ఎదురై మధ్యలోనే రిటర్న్ అయ్యే దారుల్లో అన్‌రెఫ్ (మీ రిఫరెన్సును విడుదల చేయడం) మరిచిపోవడం మహా మామూలు. అలాగని ప్యాడ్ పుష్ (బఫర్‌ను తర్వాతి ఎలిమెంట్‌కు పంపే ఫంక్షన్) తర్వాత అన్‌రెఫ్ చేయకండి. పుష్ విఫలమైనా ఆ బఫర్ ఇక మీది కాదు, చేస్తే క్రాష్ కావచ్చు. క్యాప్స్ మిగిలితే, గెట్ కరెంట్ క్యాప్స్ ఫంక్షన్ ఇచ్చిన రిఫరెన్సును అన్‌రెఫ్ చేశారో లేదో చూడండి.

జాబితా ఖాళీగా ఉన్నా మెమరీ పెరుగుతుంటే మాలక్‌ను (malloc, సీ భాషలో నేరుగా మెమరీ తీసుకునే ఫంక్షన్) అనుమానించండి. దాన్ని ఈ ట్రేసర్ చూడదు, వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ టూల్ కావాలి.