సముద్రం వైపు కిటికీకి రాడ్డు బిగించే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు రుషికొండ దగ్గర ఫ్లాటు కొన్నావనీ, మాఘమాసంలో గృహప్రవేశమనీ మీ నాన్న చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మన ఇంట్లో సొంత సంపాదనతో ఇల్లు కొన్న మొదటి ఆడపిల్లవు నువ్వే. ఆ సంతోషంలో ఉండగానే, హాలుకూ నాన్న పడుకునే గదికీ నువ్వు ఎంచుకున్న కర్టెన్ రాడ్ల ఫోటో చూపించాడు. బంగారు రంగు, చివర బల్లెం మొనల్లాంటి బుడిపెలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లకు కర్టెన్లు కుట్టినదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి కూడా ఒకటి నీకు చెప్పవలసి ఉంది.

రాడ్డు కిటికీ వెడల్పు కన్నా రెండు వైపులా ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అప్పుడే కర్టెన్ పక్కకు తీసినప్పుడు వెలుతురుకు అడ్డు రాదు. కిటికీకి నాలుగైదు అంగుళాల పైన బిగించాలి. బట్ట పై అంచునే లోహపు రింగులు బిగించిన ఐలెట్ కర్టెన్‌కు అంగుళం లావు రాడ్డు సరిపోతుంది. బ్రాకెట్టు గోడ నుంచి ఎంత ముందుకు రావాలో, లోపలికి తెరుచుకునే దోమల తలుపును చూసుకుని నిర్ణయించుకో.

రాడ్డు మెరుపు సంగతి మాత్రం ఒక్క వాక్యంతో తేలేది కాదు. దుకాణంలో బంగారు రంగులో కనిపించేవాటిలో చాలావరకు ఇనుప రేకు గొట్టానికి పూత పూసినవే. చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లు, గట్టిగా అతుక్కుంటే లోపల ఉన్నది ఇనుమే. ఉప్పుగాలికి ఆ పూత రింగులు రాసుకునే చోట ముందుగా లేచిపోతుంది, ఆ తరువాత తుప్పు మరక బట్టకు ఎక్కితే ఎంత ఉతికినా వదలదు. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే 304 రకమని బిల్లు మీద రాయించుకో. 202 రకం చవకే, కానీ సముద్రపు ఒడ్డున దానికన్నా 304 ఎక్కువ కాలం నిలుస్తుంది. స్క్రూలు కూడా అదే స్టీలువి అడుగు, ఎందుకంటే రాడ్డు మంచిది కొని స్క్రూల దగ్గర పది రూపాయలు మిగుల్చుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. నిజమైన ఇత్తడి మీద మనసుంటే కాదనను, అది ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు. కానీ నల్లబడుతుంది, తోమే ఓపిక ఉండాలి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి బిందె ఒకటి మీ నాయనమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చారు. ప్రతి శుక్రవారం చింతపండు పట్టించి, మణికట్టు తిప్పుతూ ఆమె దాన్ని తోముతుంటే చూడడానికి నేను చదువు మానుకుని పక్కన కూర్చునేదాన్ని.

ఆ మణికట్టు విరగడానికి కారణం నేనే, అమ్మలూ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెదవాల్తేరులోని మా ఇంటి ముందు గది కిటికీ అద్దాలన్నీ పగిలిపోయాయి. బాగు చేయించాక కొత్త రాడ్డు కొన్నాను, నువ్వు ఎంచుకున్నట్టే బంగారు రంగుది, తొమ్మిది అడుగులది. మధ్యలో మూడో బ్రాకెట్టు వేస్తానని బిగించే అతను అన్నాడు. అది ఉంటే రింగులు అక్కడ ఆగిపోతాయి, కర్టెన్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క లాగుతో జరగదు. అలా జరగాలన్నది నా ముచ్చట, అందుకే వద్దన్నాను. అతను గోడకు రంధ్రం చేస్తుంటే నేను చీపురు పట్టుకుని కిందే నిలబడ్డాను. రాలిన పొడి మొదటి నుంచి చివరి దాకా బూడిద రంగులోనే ఉంది, ఎర్రగా మారనే లేదు. అంటే డ్రిల్లు ఇటుకను చేరనే లేదు, స్క్రూను పట్టి ఉంచడానికి రంధ్రంలో దిగగొట్టే ప్లగ్గు అంగుళం మందాన పేరుకున్న పాత సిమెంటు పూతలోనే కూర్చుంది. ఆ పొడిని నా చేతులతో ఎత్తి పారబోసి కూడా గ్రహించలేకపోయాను.

ఏడాది తిరక్కుండానే బ్రాకెట్టు కింద గోధుమరంగు చార కనిపించింది, దాని మీద సున్నం పూశాను. గాలి తగులుతుందని అమ్మ మంచం ఆ కిటికీ పక్కనే వేశాను. ఒక తెల్లవారుజామున ఆమె లేవబోతూ చేతికందిన కర్టెన్ పట్టుకుంది. పూత పెచ్చుతో సహా బ్రాకెట్టు ఊడి వచ్చింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆమె నేల మీద ఉంది, ఆ బుడిపె ఆమె తలకు జానెడు దూరంలో పడి ఉంది. ఆసుపత్రిలో అడిగినవాళ్లందరికీ తానే కాలు జారి పడ్డానని చెప్పింది. మీ నాన్న ఈనాటికీ అదే నమ్ముతున్నాడు. కట్టు విప్పిన తరువాత కూడా ఆ చేయి మునుపటిలా తిరగలేదు, బిందె నేను తోమితే పక్కన కూర్చుని చూసేది, ఒక్కనాడూ నన్ను ఒక మాట అనలేదు.

అందుకే మొండిగా చెబుతున్నాను, ఫోటో చూసి రాడ్డు ఎంచుకోవడం కాదు, ముందు గోడ సంగతి తెలుసుకో. కొత్త అపార్టుమెంట్లలో చాలాచోట్ల లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలతో, అంటే ఏఏసీ బ్లాకులతో గోడలు కడుతున్నారు, వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పట్టు నిలవదు, ఆ బ్లాకుల కోసమే చేసిన ప్లగ్గులు అడిగి తీసుకోవాలి. కిటికీ మీద గోడ బరువు మోసే కాంక్రీటు దూలం, లింటెల్ అంటారు, ఉంటుంది, బ్రాకెట్లు దానిలోకి దిగేలా చూసుకుంటే అంతకన్నా గట్టి చోటు లేదు. డ్రిల్లు పెట్టేముందు కరెంటు పైపులు ఎటు పోయాయో బిల్డరును అడుగు. పనిచేసేటప్పుడు ఆఫీసు ఫోను పక్కన పెట్టి, రాలే పొడిని నీ కళ్లతో చూడు. ప్రతి నాలుగు అడుగులకూ ఒక బ్రాకెట్టు ఉండాలి, కర్టెన్ రెండు భాగాలుగా వేసుకుంటే మధ్య బ్రాకెట్టు ఏమీ అడ్డు రాదు. మొనదేలిన బుడిపెలు నాన్న గదిలో వద్దు, గుండ్రనివి తీసుకో, అవీ అందంగానే ఉంటాయి తల్లీ.

మీ నాన్నకు మోకాళ్ల నొప్పి. లేచేటప్పుడు చేతికి ఏది తగిలితే దాన్ని పట్టుకుంటాడు, అచ్చం అమ్మలాగే. ఆ గదిలో కర్టెన్ రాడ్డు కన్నా ముందు, మంచం పక్క గోడకు పట్టుకుని లేవడానికి ఒక స్టీలు పిడి బిగించు. కిటికీల కొలతలు పంపించు, కర్టెన్లు నేనే కుట్టి తెస్తాను. అమ్మ సంగతి మీ నాన్నకు నువ్వు చెప్పవద్దు. గృహప్రవేశానికి వచ్చినప్పుడు నేనే చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అత్త