ఆ నలుపును గీకేయకండి

పాత ఆయుధాల మీద ఉత్తరాలు చాలా పోగయ్యాయి. వాటిలో రివాల్వర్ల గురించి అడిగినవన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. నేను మ్యూజియం వర్క్‌షాప్‌లో పాత ఇనుముతో పనిచేసినవాణ్ణి, నా జవాబులు ఆ అనుభవంతో చెబుతున్నవే. ఒక్క మాట ముందే చెప్పాలి. లైసెన్సుల చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. అమెరికాలో 1899కి ముందు తయారైనదాన్ని ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగా చూస్తుంది, ఆ లెక్క ఇంకో దేశంలో చెల్లదు. కొనేముందు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లేముందు మీ పోలీసు అధికారులను అడగండి.

ప్రశ్న: నాన్నగారు పోయాక ఆయన బీరువాలో ఒక పాత రివాల్వర్ బయటపడింది. ఎనిమిది పలకల గొట్టం మీద ‘పేటెంటెడ్ సెప్టెంబర్ 14, 1858’ అని, దాని కింద రెమింగ్టన్ పేరు ఉన్నాయి. అంటే 1858లో తయారైందేనా? ఒళ్లంతా నల్లగా, గోధుమరంగుగా మారిపోయింది. ఇత్తడి పాలిష్‌తో రుద్దితే మెరుస్తుందని మా తమ్ముడు అంటున్నాడు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముణ్ణి ఆపండి. పాలిష్ సంగతి తర్వాత, అది లోడ్ అయి ఉందో లేదో తేలాలి.

ఈ రకం రివాల్వర్‌కు ఇప్పటిలాంటి తూటాలు ఉండవు. సిలిండర్‌లో ఒక్కో గదిలోకి ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు కూరి, వెనక ఉండే నిపుల్‌కి, అంటే చిన్న బొడిపెకు, సుత్తి దెబ్బకు నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి క్యాప్ తొడిగేవారు. ఆ పాతకాలపు మందును బ్లాక్ పౌడర్ అంటారు, తడి తగలకపోతే వందేళ్లు దాటినా చావదు. ఎవరో నింపి పక్కన పెట్టేసిన రివాల్వర్లు ఇప్పటికీ నిండుగానే దొరుకుతుంటాయి. కాబట్టి సుత్తిని వెనక్కి లాగకండి, సిలిండర్ తిప్పకండి, గొట్టంలోకి తొంగి చూడకండి. చేత్తో పట్టుకుని స్టేషన్‌కు బయలుదేరొద్దు. ఫోన్ చేసి చెప్పండి, తెలిసిన మనిషి వచ్చి ఖాళీ చేయాలి. అంతవరకు దాని మూతి ఎవరి వైపూ ఉండకూడదు.

ఇక తేదీ. అది పేటెంట్ ఇచ్చిన రోజు, తయారైన రోజు కాదు. గుండు కూరే కడ్డీని కిందికి దించితే సిలిండర్ ఇరుసు ముందుకు జారి వచ్చే ఏర్పాటు ఉంది చూశారా, దానికి ఫోర్డైస్ బీల్స్ అనే ఆయన 1858లో పేటెంట్ తీసుకున్నారు. కంపెనీ ఆ తేదీని ఆ తర్వాత ఏళ్ల తరబడి గొట్టాల మీద కొడుతూ వచ్చింది. అందుకే జనం దీన్ని ‘1858 రెమింగ్టన్’ అనడం అలవాటు చేసుకున్నారు. మూడో వరుసలో ‘న్యూ మోడల్’ అని కనిపిస్తే మీది 1863కీ 1875కీ మధ్య తయారైంది. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల చిన్న మోడల్ నంబర్ 1 మీద ‘ఏప్రిల్ 3, 1855’ అని చూసి కూడా ఇలాగే పొరబడతారు. అది రోలిన్ వైట్ పేటెంట్ తేదీ. ఆ రివాల్వర్ మొదటిసారి బయటికొచ్చింది 1857లో.

ప్రశ్న: వేలంలో ఒక పొట్టి జేబు రివాల్వర్ చూశాను. ఫ్రేమ్ మీద ‘బ్రిటిష్ బుల్‌డాగ్’ అని ఉంది. సిలిండర్ మీద మాత్రం కోలగా ఒక చిన్న ముద్ర, అందులో ఈ, ఎల్, జీ అక్షరాలు, పైన కిరీటం. ఇంగ్లండ్‌ది అని చెప్పి రేటు పెంచుతున్నారు. కొనమంటారా?
– ఒక ఉద్యోగి

జవాబు: ఇంగ్లండ్ రేటు ఇవ్వకండి. ఆ ముద్ర బెల్జియంలోని లీజ్ నగరపు పరీక్షా కేంద్రానిది. అక్కడ మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి, పగలకుండా నిలిచినవాటికే ముద్ర వేసేవారు. కిరీటం 1893లో చేర్చారు, కాబట్టి మీరు చూసింది ఆ సంవత్సరానికి ముందుది కాదు. ఇంగ్లండ్‌లోని వెబ్లీ కంపెనీ 1872లో బుల్‌డాగ్ తెచ్చింది. అది బాగా అమ్ముడుపోవడంతో లీజ్‌లోని చిన్న చిన్న తయారీదారులు పేరుతో సహా కాపీ కొట్టారు. ఇంగ్లండ్‌లో తయారైనదైతే లండన్‌దో బర్మింగ్‌హామ్‌దో ముద్ర ఉండాలి. బర్మింగ్‌హామ్‌లో పరీక్షా కేంద్రం 1813 నుంచీ ఉంది.

అలాగని లీజ్ సరుకంటే నాకు చులకన లేదు. చేతిపని చక్కగా ఉన్నవి చాలా ఉన్నాయి, కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు చదువుకోవడానికి అవి మంచివి. వాటి ధరకు వస్తే తీసుకోండి.

ప్రశ్న: నా దగ్గర 1851 కోల్ట్ నేవీ ఉంది, లైసెన్సు కూడా ఉంది. నీలి పూత ముప్పాతిక వంతు పోయింది. పూతలు వేసే ఒకాయన పాలిష్ పట్టి మళ్లీ బ్లూయింగ్ చేస్తే కొత్తదానిలా ఉంటుందంటున్నాడు. చేయించమంటారా?
– ఒక రిటైర్డ్ ఇంజనీరు

జవాబు: వద్దండీ. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పనివ్వండి. ఈ ప్రశ్న నా దగ్గరికి చాలామంది తెస్తారు, చాలాసార్లు పని అయిపోయాక తెస్తారు.

ఒక భూతద్దం తీసుకుని మీ సిలిండర్ చుట్టూ చూడండి. ఓడల యుద్ధం కనిపిస్తుంది. 1843 మే 16న కాంపెచే దగ్గర టెక్సస్ నౌకాదళానికీ మెక్సికో నౌకాదళానికీ జరిగిన పోరు అది. బ్యాంకు నోట్లకు బొమ్మలు చెక్కే డబ్ల్యూ. ఎల్. ఆర్మ్స్‌బీ ఆ బొమ్మ చెక్కారు. ఉక్కు అచ్చుతో సిలిండర్ మీద దొర్లించి దాన్ని దించేవారు. ఆ గీతల లోతు వెంట్రుక మందం లాంటిది. తెరచాపల మధ్య తాళ్లు, నీళ్ల మీద అలలు ఇప్పటికీ కనిపిస్తుంటే మీరు అదృష్టవంతులు. పాలిష్ చక్రం మొదట మింగేసేది వాటినే. ఒక్కసారి తిరిగితే తాళ్లు పోతాయి, రెండోసారికి ఓడలు మసకబారతాయి. ఆ తర్వాత పైన ఎంత మంచి పూత వేసినా కింద బొమ్మ తిరిగి రాదు.

రెండోది, అంచులు. గొట్టం పలకలు కలిసేచోట గోరు పెట్టి లాగి చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచు గోటికి పదునుగా తగులుతుంది. మెత్తటి గుడ్డ చక్రం మీద పాలిష్ పట్టినవాటికి అంచు గుండ్రంగా జారిపోతుంది, మరల చుట్టూ చిన్న గుంటలు పడతాయి, అక్షరాల ఒక పక్క లోతుగా, ఇంకో పక్క చెరిగినట్టు ఉంటుంది. తెలిసిన కొనుగోలుదారు పూత రంగు చూడకముందే ఇవి చూస్తాడు.

మూడోది, పూత కూడా ఒకటే రకం కాదు. అప్పట్లో కోల్ట్ వాళ్లు అద్దంలా మెరిసేదాకా నునుపు చేసి, కొలిమిలో బొగ్గు మధ్య వేడిచేసి ఆ నీలం రప్పించేవారు. ఫ్రేమ్‌కీ సుత్తికీ ఎముకల బొగ్గుతో గట్టిదనం పట్టించడం వల్ల మబ్బుల్లాంటి రంగులు వచ్చేవి. ఇప్పుడు షాపుల్లో చేసేది కాస్టిక్ సోడా, నైట్రేట్ కలిపి మరిగించిన తొట్టెలో ముంచడం. అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 1930ల తర్వాతే. 1850ల రివాల్వర్ మీద ఆ నల్లటి ఏకరూపపు మెరుపు కనిపిస్తే దాని చరిత్ర మీద ఎవరికైనా అనుమానమే వస్తుంది.

మరి ఏం చేయాలి? గోధుమరంగుగా, నున్నగా, వేలికి పొడి అంటకుండా ఉన్న పొర ఇనుముకు రక్ష. దాన్ని ముట్టుకోవద్దు. నారింజ రంగులో పొడిపొడిగా రాలేది బతికున్న తుప్పు, ఆపాల్సింది దాన్నే. దాని మీద పలచని నూనె ఒక చుక్క వేసి నాననివ్వండి. తర్వాత కొసను చెక్కిన చెక్కపుల్లతో ఆ మచ్చ వరకే మెల్లగా గోకండి, చుట్టూ పాకనివ్వకండి. నూనె పూర్తిగా తుడిచి, మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాయండి. అంతకు మించి ఆ నేవీకి ఏమీ అక్కర్లేదు. పూత పావు వంతే మిగిలిందంటున్నారు, నాకది చాలా ఎక్కువ.

ప్రశ్న: నంబర్లన్నీ కలిస్తేనే అసలుదంటారు నిజమేనా?
– ఒక కొత్త సేకరణకర్త

జవాబు: చాలావరకు నిజమే. క్యాప్‌లతో పేలే పాత కోల్ట్‌ల మీద గొట్టం, ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డు, పిడి వెనక పట్టీ, సిలిండర్, చివరికి గొట్టాన్ని బిగించే మేకు మీద కూడా నంబరు ఉంటుంది. కానీ కలవకపోవడమే సరైన చోటు కూడా ఒకటుంది. అమెరికా సైన్యం 1873 మోడల్ కోల్ట్‌లను ఏడున్నర అంగుళాల గొట్టంతో కొంది. 1890లలో చాలావాటిని వెనక్కి తెప్పించి, గొట్టాలు అయిదున్నర అంగుళాలకు కోయించి, విడిభాగాలు కలగాపులగంగా బిగించింది. వాటినే ‘ఆర్టిలరీ’ కోల్ట్‌లంటారు. అలాంటిదాని మీద నంబర్లన్నీ చక్కగా కలిస్తే నేను ఇంకాస్త దగ్గరగా చూస్తాను. పెద్ద మొత్తం పెట్టేముందు కంపెనీ పాత రిజిస్టర్లు చూసి ఇచ్చే లేఖ తెప్పించుకోండి. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ రెండింటికీ అలాంటి ఏర్పాటు ఉంది.

ప్రశ్న: పిడి చెక్కలు ఊడదీసి లోపల చూడాలనుంది. విరుగుతాయేమోనని టెన్షన్. నల్లగా ఉండాల్సిన రబ్బరు పిడి గోధుమరంగులోకి మారింది కూడా.
– ఒక విద్యార్థి, మామయ్య రివాల్వర్ గురించి

జవాబు: మామయ్యగారి ఎదురుగా, రివాల్వర్ ఖాళీగా ఉందని ఆయన చూసి చెప్పాకే మొదలుపెట్టు బాబూ. అంచు కింద కత్తి దూర్చి ఎత్తకు, అక్కడే పెచ్చు లేస్తుంది. మరను పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదులు చేసి, దాని తల మీద వేలితో నొక్కు. అవతలి చెక్క తనంతట తనే లేస్తుంది. తర్వాత రెండోదాన్ని లోపలి నుంచి తోయొచ్చు. చెక్క పిడి అయితే లోపలివైపు పెన్సిల్‌తో రాసిన నంబరు ఉండొచ్చు. దాన్ని తడిగుడ్డతో తుడవకు.

స్క్రూడ్రైవర్ సంగతి ఇంకా ముఖ్యం. మామూలు స్క్రూడ్రైవర్ మొన చీలికలా సన్నబడుతూ ఉంటుంది, గాడి పైఅంచుల మీదే బలమంతా పడి అవి చిట్లుతాయి. తుపాకీ పనివాళ్లు రెండు పక్కలా సమానంగా అరగదీసిన మొన వాడతారు, గాడిలో అడుగుదాకా నిండుగా కూర్చుంటుంది. అది దొరికేదాకా ఆగు.

రబ్బరు రంగు మారింది వెలుతురు వల్ల. గట్టి రబ్బరులో గంధకం ఉంటుంది, ఎండకూ వేడినీళ్లకూ గోధుమరంగుకు తిరుగుతుంది. నల్ల బూట్ పాలిష్ పూసేవాళ్లు ఉన్నారు, నువ్వు ఆ పని చేయకు. చీకట్లో పెడితే ఇక ముదరదు.

ప్రశ్న: నకలును గుర్తుపట్టేదెలా?
– ఇద్దరు ముగ్గురు పాఠకులు

జవాబు: ఇటలీలో కోల్ట్, రెమింగ్టన్ నమూనాలు 1950ల చివరి నుంచి తయారవుతున్నాయి. మంచి పనితనమే, పాతదని చెప్పి అమ్మడమే మోసం. ఇటలీ ముద్రల పక్కన చిన్న చదరంలో సంవత్సరపు గుర్తు ఉంటుంది. రోమన్ అంకెల్లో ‘ఎక్స్ ఎక్స్’ అంటే 1964, ‘ఏ ఏ’ అంటే 1975. ఇంకో గుర్తు ‘పీ ఎన్’, బ్లాక్ పౌడర్‌కు పరీక్షించారని. ఎవరైనా వాటిని గీకేసి ఉంటే ఆ చోట లోహం చిన్న పల్లంగా ఉంటుంది. గొట్టం పలక మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనిపిస్తుంది.

ప్రశ్న: తోలు హోల్‌స్టర్‌లో ఉంచితే భద్రమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: కాదండీ. తోలు పదును చేసిన ఆమ్లాలు, ఉప్పులు అందులోనే ఉంటాయి, పైగా అది తేమ పీల్చుకుంటుంది. హోల్‌స్టర్ కుట్లు ఎక్కడ తగిలాయో ఆ వరసలోనే గొట్టం మీద గుంటలు పడినవి చూశాను. రెండింటినీ విడివిడిగా ఉంచండి, పక్కపక్కనే ఉన్నా ఫర్వాలేదు. లోహానికి గాలిలో తేమ యాభై శాతం దాటకుండా చూసుకోండి. ఒట్టి చేతులతో ముట్టుకోకండి, నైట్రైల్ తొడుగులు వేసుకోండి. చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టిస్తుంది.