ఆ ఫొటో మీరు పెట్టింది కాదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది ఖమ్మం. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. పది రోజుల క్రితం ఎవరో నా పేరుతో, నా ఫొటోతో ఫేస్‌బుక్‌లో ఇంకో అకౌంట్ తెరిచి మా చుట్టాలందరికీ రిక్వెస్టులు పెట్టారు. "పాపను ఆసుపత్రిలో చేర్చాం, అర్జంటుగా డబ్బులు కావాలి" అని మెసేజ్ చేస్తే మా బాబాయి నిజమే అనుకుని 20,000 పంపేశాడు. ఆయనకు మొహం చూపించలేకపోతున్నాను. మావారు "ఫొటోలు పెట్టొద్దంటే విన్నావా" అంటూ నా ఫోన్ తీసేసుకున్నారు. పాస్‌వర్డులన్నీ రాసిమ్మంటున్నారు, అకౌంట్ మూసేయమంటున్నారు. దొంగ అకౌంట్‌లో ఉన్న ఫొటో మా ఆడపడుచు పెళ్లిలో దిగింది. అది పెట్టింది ఆయనే. ఆ మాట అనే ధైర్యం లేక చెల్లి ఫోన్ నుంచి మీకు రాస్తున్నాను.

– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు కష్టాలున్నాయి. ఒకటి బయటి దొంగ తెచ్చిపెట్టింది, రెండోది ఇంట్లో మొదలైంది. మొదటిదానికి ప్రతి రోజూ విలువైనదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

బాబాయికి ఈ రోజే ఫోన్ చేయండి. క్షమించమని కాదు, 1930కి ఫోన్ చేయమని. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. డబ్బు పోయిన గంటా రెండు గంటల్లో చెబితే ఆ సొమ్మును దారిలోనే ఆపే అవకాశం ఎక్కువ. పది రోజులైందని వదిలేయకండి, ఫిర్యాదు నమోదైతేనే ఆ బ్యాంకు ఖాతా వెంట పోలీసులు పడతారు. డబ్బు ఆయన ఖాతాలోంచి వెళ్లింది కాబట్టి ఆ ఫిర్యాదు ఆయనే ఇవ్వడం మంచిది. పంపినప్పుడు వచ్చిన మెసేజ్, అందులోని లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోమనండి. మీ పేరు, ఫొటో వాడుకున్నందుకు మీరు విడిగా సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, దగ్గరి స్టేషన్‌లోనో ఫిర్యాదు చేయండి. ఒకరి గుర్తింపును దొంగిలించడం ఐటీ చట్టం 66సీ కింద, వేరే మనిషిలా నటించి మోసం చేయడం 66డీ కింద నేరాలు. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు ఉంది. ఆ 20,000 మీ అప్పు కాదు. ప్రేమ కొద్దీ బాబాయికి ఎంతో కొంత సర్దితే అది వేరే సంగతి. జరిమానాలా మాత్రం కట్టకండి.

ఆ దొంగ అకౌంట్ మీ ఫోన్‌లో కనిపించకపోవచ్చు. ఇలాంటివాళ్లు ముందుగా అసలు మనిషినే బ్లాక్ చేస్తారు. అందుకే చెల్లి ఫోన్‌లోంచి చూడండి. రిపోర్ట్ కొట్టే ముందు ఆ ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోవాలి, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. అకౌంట్ తీసేశాక సాక్ష్యం దొరకడం కష్టం. ఆ తర్వాత "ఫ్రెండ్‌లా నటిస్తున్నారు" అన్న కారణం చూపించి చెల్లి, ఇంకో నలుగురు చుట్టాలు రిపోర్ట్ చేయాలి.

ఇక మీవారి మాట. అకౌంట్ మూసేయమనడం భయంతో అన్నమాటే, కానీ దానివల్ల నష్టమే ఎక్కువ. మీరు పక్కకు తప్పుకుంటే అక్కడ మీ పేరుతో మిగిలేది దొంగ ఒక్కడే. "అది నేను కాదు, డబ్బులు పంపకండి" అని మీ వాళ్లకు చెప్పుకునే చోటు కూడా పోతుంది. పాస్‌వర్డులు ఆయన చేతికిచ్చినా ఉపయోగం లేదు. మనవాళ్లు "హ్యాక్ అయింది" అంటుంటారు గానీ, మీరు రాసిన దాన్నిబట్టి మీ అకౌంట్‌లోకి ఎవరూ దూరలేదు. బయటికి కనిపిస్తున్న ఫొటో ఒకటి, బయటికి కనిపిస్తున్న ఫ్రెండ్స్ లిస్టు ఒకటి, దొంగకు కావలసినవి ఈ రెండే. ఎవరు బాబాయో, ఎవరు మేనత్తో ఆ ఫొటో కింది కామెంట్లే చెప్పేస్తాయి.

కాబట్టి మార్చాల్సింది సెట్టింగులు. ఫ్రెండ్స్ లిస్టు "ఓన్లీ మీ"కి, అంటే మీకు మాత్రమే కనిపించేలా పెట్టండి. అన్నిటికంటే ముందు ఇదే, చాలామంది మరిచిపోయేదీ ఇదే. ప్రొఫైల్ లాక్ చేయండి. పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి మాత్రమే పరిమితం చేసే వీలూ సెట్టింగుల్లో ఉంది. ఎవరైనా ట్యాగ్ చేస్తే మీరు ఒప్పుకున్నాకే మీ పేజీలో కనబడేలా పెట్టుకోండి. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో కాంటాక్టులకు మాత్రమే ఉంచి, ఆరంకెల పిన్‌తో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఆ పిన్ గానీ ఓటీపీ గానీ ఎవరికీ చెప్పకండి.

మీ పాప గురించి ఒక మాట. స్కూల్ యూనిఫాంలో, మెడలో ఐడీ కార్డుతో ఉన్న ఫొటోలు మీ ఇద్దరి పేజీల్లో ఏమైనా ఉంటే తీసేయండి. పేరు, తరగతి, స్కూలు మూడూ ఒక్క ఫొటోలో ఉంటాయి. పుట్టినరోజు పోస్టుతో పుట్టిన తేదీ కూడా చేరుతుంది. ఊరెళ్లినప్పుడు ఫొటోలు పెట్టాలనిపిస్తే తిరిగొచ్చాక పెట్టుకోండి, ఇంటికి తాళం ఉందని అందరికీ తెలియనక్కర్లేదు.

పెళ్లి ఫొటో ఆయన వాల్ మీదదే అన్న మాట మీరు చెప్పాలి. అయితే గొడవ మధ్యలో ఎత్తిపొడుపుగా అనకండి. పాప పడుకున్నాక పక్కన కూర్చుని, "మీ ఫోన్ ఓసారి తెరవండి, బయటివాళ్లకు మన ఇల్లు ఎంత కనిపిస్తుందో చూద్దాం" అనండి. ఆ ఫొటో కింద ఉన్న చిన్న భూగోళం గుర్తు చూపించండి. ఆ గుర్తుంటే లోకంలో ఎవరైనా చూడొచ్చని అర్థం. ఆయన వేలితోనే దాన్ని మార్చనివ్వండి. మిమ్మల్ని తిట్టిన మనిషి కూడా ఈ సంగతి తెలిసి చేసి ఉండడు.

ఫోన్ మాత్రం వెనక్కి అడిగి తీసుకోండి. మీ కుట్టుపని ఆర్డర్లు, బ్యాంకు, పుట్టింటివాళ్ల మాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే చెప్పింది. కోర్టు మాట పక్కన పెట్టినా, దొంగతనం జరిగితే సొమ్ము పోగొట్టుకున్న మనిషిని గదిలో పెట్టి తాళం వేయరు కదా. నెమ్మదిగా అడిగినా ఇవ్వకపోతే, కాపలా ఇంకా పెరిగితే అది ఫేస్‌బుక్ గొడవ కాదు. అప్పుడు మీ పెద్దవాళ్లలో నమ్మకమున్న ఒకరికి చెప్పండి, నాకూ మళ్లీ రాయండి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఎప్పుడైనా పనిచేస్తుంది.

చుట్టాల గ్రూపులో బాబాయి చేతనే ఒక మెసేజ్ పెట్టించండి: డబ్బు కావాలని ఎవరి పేరుతో మెసేజ్ వచ్చినా, మన దగ్గరున్న పాత నంబరుకు మనమే ఫోన్ చేసి మాట్లాడాకే పంపాలి అని. మోసపోయిన పెద్దాయన చెబితే అందరూ వింటారు, ఆయనకూ సిగ్గు తగ్గుతుంది. ముందు ఆయనకు ఫోన్ చేయండి, మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటారేమో.