యూనివర్సిటీ ఆన్‌లైన్ క్లాసులకు, మీటింగులకు ఏ వీడియో యాప్ సేఫ్? బయటివాళ్లు దూరకుండా ఏం చేయాలి?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. కడపలో పీహెచ్‌డీ చేస్తూ డిపార్ట్‌మెంట్ ఆన్‌లైన్ క్లాసులు, మీటింగులు ఏర్పాటు చేసే పని మీ నెత్తిన పడింది, జూమ్ పెట్టాలా గూగుల్ మీట్ పెట్టాలా అన్నది ఒకటి. మొన్నొక క్లాసులోకి ముక్కూమొహం తెలియని వాడెవడో దూరి సినిమా పాటలు పెట్టాడు, మళ్లీ అట్లా కాకుండా ఏం చేయాలన్నది రెండోది. నేను అనంతపురంలో కామర్స్ చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో నాకూ ఇదే జరిగింది కాబట్టి రెండోదాని నుంచే మొదలుపెడతాను.

ఆ రోజు బీకాం పిల్లలకు మార్జినల్ కాస్టింగ్ లెక్క చేయిస్తున్నాను. ఎక్కడో టీవీ సౌండ్ వినిపించింది. ఎవరింట్లోదో అనుకొని "ఎవరప్పా అది, మ్యూట్ చేసుకోండి" అన్నాను. మరుక్షణం నేను స్క్రీన్ మీద పెట్టిన పట్టిక పైన ఎవరో ఎర్ర గీతలతో బూతుబొమ్మ వేయడం మొదలుపెట్టారు. అతన్ని బయటికి పంపేలోపు ఇంకొకడు, అదీ మా క్లాసు అబ్బాయి పేరే పెట్టుకొని వచ్చాడు. చేసేదేం లేక మీటింగ్ మూసేశాను. సగం లెక్క అట్లనే మిగిలిపోయింది. ఆ సాయంత్రం వరకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

హ్యాకింగ్ అనుకున్నాను. కాదు. మా పిల్లాడే ఒకడు సరదాకి లింకును వేరే కాలేజీ ఫ్రెండ్‌కి ఫార్వర్డ్ చేశాడట. "పాస్‌కోడ్ పెట్టాను కదా, ఎట్లా వచ్చారు?" అని చాలాసేపు తల పట్టుకున్నాను. తర్వాత తెలిసింది, జూమ్ ఇన్విటేషన్ లింకులో చివర పాస్‌కోడ్ కూడా కలిసే పోతుందని. లింకులో పీడబ్ల్యూడీ అన్న అక్షరాల తర్వాత కనిపించే పొడుగాటి ముక్క అదే. లింకు నొక్కినవాడిని పాస్‌కోడ్ అడగదు. ఇంటికి తాళం వేసి, చెవి గొళ్లేనికే తగిలించినట్టు. సెట్టింగుల్లో పాస్‌కోడ్‌ను లింకులో కలపకుండా ఆపేయొచ్చు, అది ముందు చేయండి. ఆ తర్వాత లింకు ఒకచోట, పాస్‌కోడ్ ఇంకోచోట ఇవ్వండి. నేను లింకు గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టి, పాస్‌కోడ్ క్లాసుకు పది నిమిషాల ముందు వాట్సాప్‌లో పంపేదాన్ని. ఫార్వర్డ్ చేసే సరదా ఆగిపోలేదు గానీ, ఆ కాస్త శ్రమ పడేవాళ్లు తగ్గారు.

అందరూ చెప్పే వెయిటింగ్ రూమ్, అంటే మనం రానిచ్చేదాకా వచ్చినవాళ్లు బయటే ఆగే ఏర్పాటు, మంచిదే. కానీ మన దగ్గర దానికి ఒక చిక్కుంది. కళ్యాణదుర్గం, ఉరవకొండ పక్క పల్లెల నుంచి పిల్లలు మిద్దెల మీద కూర్చొని సిగ్నల్ పట్టుకునేవాళ్లు. ఫోను వాళ్లది కాదు, నాన్నదో అక్కదో. వెయిటింగ్ రూమ్‌లో చూస్తే "రెడ్మీ", "అమ్మ మొబైల్", ఎవరో పెద్దాయన పేరు. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి? చివరికి ఒక నియమం పెట్టుకున్నాం: హాల్ టికెట్ చివరి మూడంకెలు, ఆ తర్వాత పేరు. అట్లా రాకపోతే లోపలికి రానిచ్చేది లేదు. మొదటి వారం గోల గోల అయింది, తర్వాత అలవాటైంది. పేరు దొంగిలించి వచ్చినవాడికి ఆ పేరుగల అబ్బాయి హాల్ టికెట్ నంబర్ తెలియదు కదా. లోపలికి వచ్చాక పేరు మార్చుకునే వీలు కూడా ఆపేయండి.

క్లాసు చెబుతూ తలుపు దగ్గర కాపలా కాయడం ఒక్కరివల్ల కాదు. క్లాస్ రిప్రజెంటేటివ్ అమ్మాయిని కో-హోస్ట్‌ని, అంటే మీటింగ్ నడపడంలో నాకు తోడుగా, చేశాను. రానివ్వడం, మ్యూట్ చేయడం, బయటికి పంపడం ఆమె చూసుకునేది. మీటింగ్‌ను పూర్తిగా ముగించేసే అధికారం కో-హోస్ట్‌కి ఉండదు, కాబట్టి భయం లేదు.

అందరూ వచ్చాక మీటింగ్‌కు లాక్ వేయమని చాలామంది రాస్తుంటారు. క్లాసుకు నేను ఒప్పుకోను. కరెంటు పోయి వైఫై పడిపోయినా, సిగ్నల్ తెగినా, ఆ పిల్లలు మళ్లీ రాలేరు. లాక్ పడితే కొత్తవాళ్లే కాదు, తిరిగి వచ్చేవాళ్లూ బయటే. పాఠం పోయిందంటే పోయిందే. పది మంది ఉండే డిపార్ట్‌మెంట్ మీటింగ్‌కు మాత్రం తప్పకుండా లాక్ వేయండి. స్క్రీన్ షేర్ ఎప్పుడూ హోస్ట్‌కే, స్క్రీన్ మీద గీసే వీలు ఎవరికీ వద్దు.

మీటింగుల విషయంలో ఇంకో దెబ్బ తిన్నాం. జూమ్‌లో ప్రతి ఒక్కరికీ పర్సనల్ మీటింగ్ ఐడీ అని ఒకటుంటుంది, అది మారదు. మా సీనియర్ ఒకరు సౌకర్యంగా ఉందని పొద్దున క్లాసుకు, సాయంత్రం స్టాఫ్ మీటింగ్‌కు అదే ఐడీ వాడేవారు. ఒక సాయంత్రం ఇంటర్నల్ మార్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఎవరెవరికి ఎంత కలపాలి, ఎవరికి కలపకూడదు, పేర్లతో సహా. అరగంట తర్వాత చూస్తే లిస్టులో చివర "ఐఫోన్" అని ఒక పేరు. మాలో ఐఫోన్ ఉన్నవాళ్లు లేరు! పొద్దున క్లాసు లింకు నొక్కిన ఫైనలియర్ అబ్బాయి, నోరు మూసుకొని అంతా విన్నాడు. మర్నాడు కాలేజీ అంతా తెలిసింది. మీటింగ్ మీటింగ్‌కూ కొత్త ఐడీ తీసుకోండి. మొదలుపెట్టేముందు ఒకసారి అందరినీ పేరుపేరునా లెక్కపెట్టండి, హాజరు వేసినట్టే.

వెబినార్ పెట్టగానే స్క్రీన్‌షాట్ తీసి జిల్లా ఎడిషన్ విలేకరులకు, ఫేస్‌బుక్‌కు పంపడం మన కాలేజీల ఆనవాయితీ. పంపేముందు ఫొటోలో ఐడీ, ఈమెయిళ్లు ఏమైనా కనిపిస్తున్నాయేమో చూడండి. మనమే కాదు లెండి, 2020 మార్చి 31న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ క్యాబినెట్ సమావేశం ఫొటో ట్విట్టర్‌లో పెడితే అందులో జూమ్ ఐడీ స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాతి వారమే జూమ్ ఆ నంబరును స్క్రీన్ పై పట్టీ నుంచి తీసేసింది.

ఇక మీ మొదటి ప్రశ్న. జూమ్ సురక్షితమైన వేదిక కాదని, ప్రభుత్వ అధికారులు ఆఫీసు పనులకు వాడొద్దని 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ చెప్పిన మాట నిజమే. కానీ అదే నెలలో జూమ్ వాళ్లు ఫ్రీ అకౌంట్లకు పాస్‌కోడ్, వెయిటింగ్ రూమ్ వాటంతటవే ఆన్ అయ్యేటట్టు చేశారు. మన మాటలను దారిలో ఎవరూ వినకుండా రహస్య సంకేతాలుగా మార్చే ఎన్‌క్రిప్షన్‌ను కూడా గట్టిచేశారు. అక్టోబరులో మీటింగ్‌లో ఉన్నవాళ్లు తప్ప జూమ్ కంపెనీ కూడా వినలేని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెచ్చారు, ఫ్రీ అకౌంట్లకు కూడా. అది ఆన్ చేస్తే క్లౌడ్ రికార్డింగ్ (జూమ్ సర్వర్లలో దాచే రికార్డింగ్) పనిచేయదు, మామూలు ఫోన్ కాల్‌తో కలవడం కుదరదు. మార్కుల మీటింగ్‌కు అది చాలా బాగుంటుంది, క్లాసుకు అక్కర్లేదు.

మీ యూనివర్సిటీ పిల్లలందరికీ సంస్థ పేరుతో గూగుల్ మెయిల్స్ ఇచ్చి ఉంటే నేను మీట్‌కే ఓటు వేస్తాను. ఆ మెయిల్‌తో మీటింగ్ పెడితే మీ వాళ్లు నేరుగా వస్తారు, పిలవనివాళ్లు అనుమతి అడగాలి. పేర్ల గొడవే ఉండదు. సొంత జీమెయిళ్లతో నడిపేటట్టయితే రెంటికీ పెద్ద తేడా లేదు. ఫ్రీ జూమ్ 40 నిమిషాలకు కట్ అవుతుంది, ఫ్రీ మీట్ గంటకు. మన పీరియడ్ ఎంతో చూసుకొని తేల్చుకోండి.

రికార్డింగ్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. పిల్లల కెమెరాలు ఆన్ చేయమని బలవంతం చేయొద్దు, ముఖ్యంగా అమ్మాయిలను. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే ఇళ్లవి. వాళ్ల మొహాలు రికార్డ్ అయి గ్రూపుల్లో తిరిగితే దానికి జవాబు చెప్పాల్సింది మనమే. నేను నా స్క్రీన్, నా గొంతు మాత్రమే రికార్డ్ చేసి, సందేహాలు అడిగే టైముకు ముందే ఆపేసేదాన్ని.

వైవాకు బయటి ఎగ్జామినర్ వచ్చేటప్పుడు మాత్రం ముందు రోజు సాయంత్రం ఆయనతో పది నిమిషాలు ట్రయల్ చూసుకోండి. ఆయన ఏ పేరుతో వస్తారో అప్పుడే తెలుస్తుంది. మా వైవా రోజు ప్రొఫెసర్ గారు మనవరాలి ట్యాబ్‌తో, ఆ పాప పేరుతో వచ్చారు. ఎవరో చిన్నపిల్ల పొరపాటున వచ్చిందనుకొని ఇరవై నిమిషాలు ఆయన్ని బయటే కూర్చోబెట్టాం.